వేసవి బయాలజీ ల్యాబ్ ప్రోగ్రాములు: పిపెట్ ఎవరి చేతిలో ఉంటుంది?

హైస్కూలు పిల్లల కోసం వేసవిలో నడిచే బయాలజీ రీసెర్చ్ ప్రోగ్రాములన్నీ బ్రోషర్‌లో ఒకేలా ఉంటాయి. తెల్లకోటు, నీలం గ్లవ్స్, చేతిలో పిపెట్ (ద్రవాన్ని చుక్కల లెక్కన కొలిచి తీసే పరికరం). వాటిలో ఏది మంచిదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న చాలు: మూడో వారం మంగళవారం మధ్యాహ్నం మూడింటికి విద్యార్థి ఏం చేస్తుంటారు? "నిన్న రాని పీసీఆర్‌ను (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతి) మళ్లీ పెట్టుకుంటుంటారు" అని నిర్వాహకులు చెప్పగలిగితే అది రీసెర్చ్. "ఆ రోజు గెస్ట్ లెక్చర్, తర్వాత క్యాంపస్ చూపిస్తాం" అంటే అది కోర్సు. కోర్సుకు వెళ్లడంలో తప్పేమీ లేదు. రీసెర్చ్ అనుకుని దాంట్లో చేరడమే పొరపాటు.

రెండు మూడు వారాలు నడిచే ఫీజు కోర్సుల సంగతి ముందు చెప్పేస్తాం. ఫలితం ముందే తెలిసిన ప్రయోగాలు చేయిస్తారు. జెల్లీ ఫిష్ జన్యువు ఎక్కించి బ్యాక్టీరియాను పచ్చగా మెరిపించడం, జెల్ మీద రెండు డీఎన్ఏ నమూనాలను పోల్చడం లాంటివి. ఇంతవరకు పిపెట్ పట్టని పిల్లలకు ఇది పనికొస్తుంది, ఒక షరతు మీద: ఒక సెట్టుకు ఇద్దరికి మించి ఉండకూడదు. నలుగురికి ఒక సెట్టు ఇస్తే చొరవ ఉన్నవాళ్లిద్దరూ చేస్తారు, మిగతా ఇద్దరూ నోట్సు రాసుకుంటారు. చేరేముందు అడగాల్సింది ఈ సంఖ్యే.

అసలు రీసెర్చ్ చేయించేవి రెండు పద్ధతుల్లో నడుస్తాయి. ఒకటి, అందరికీ ఒకే సమస్య ఇచ్చి జట్లుగా చేయించేది. రెండోది, పనిచేస్తున్న ల్యాబులో ఒక్కొక్కరిని ఒక మెంటర్ దగ్గర కూర్చోబెట్టేది.

మొదటి పద్ధతికి మంచి ఉదాహరణ అమెరికాలో 1959 నుంచి నడుస్తున్న సమ్మర్ సైన్స్ ప్రోగ్రామ్. ఖగోళశాస్త్రంతో మొదలై ఆ తర్వాత జీవశాస్త్రంలోకి వచ్చింది. బయోకెమిస్ట్రీ విభాగంలో ముగ్గురేసి జట్టుకట్టి, పంటలను పాడుచేసే శిలీంధ్రపు ఎంజైమును అడ్డుకునే చిన్న అణువును డిజైన్ చేస్తారు. జీనోమిక్స్ విభాగంలో విబ్రియో నాట్రీజెన్స్ అనే బ్యాక్టీరియా పరిణామాన్ని గమనిస్తారు. ఈ బ్యాక్టీరియాను ఎంచుకోవడంలోనే వాళ్ల ఆలోచన తెలుస్తుంది. అనుకూల పరిస్థితుల్లో దాని సంఖ్య రెట్టింపు కావడానికి పది నిమిషాలు కూడా పట్టదు. కొద్ది వారాల్లో పరిణామం చూడాలంటే అలాంటి జీవే కావాలి. ఫీజు ఉంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తారు. ఎవరి అదృష్టాన్ని బట్టి వారికి మెంటర్ దొరికే పరిస్థితి ఇక్కడ ఉండదు. పని అందరికీ సమానంగా దక్కుతుంది. ఈ ఒక్క కారణంతోనే, మొదటిసారి ల్యాబులో అడుగుపెట్టేవాళ్లకు మేము దీన్నే ముందు సూచిస్తాం.

రెండో పద్ధతిలోనూ అమెరికాలో పేరున్నవి చాలానే ఉన్నాయి. 1984లో మొదలై ఎంఐటీలో ఆరు వారాలు నడిచే రీసెర్చ్ సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎంపికైనవాళ్లకు చదువుకు, వసతికి ఖర్చు లేదు. మొదటి వారం తరగతులు, తర్వాత మెంటర్ దగ్గర పని, చివర పేపరూ ప్రెజెంటేషనూ. స్టోనీ బ్రూక్ యూనివర్సిటీలో సైమన్స్ సమ్మర్ రీసెర్చ్ ప్రోగ్రామ్ పదకొండో తరగతి పిల్లల కోసమే. టెక్సస్ టెక్‌లో క్లార్క్ స్కాలర్స్ ఏడు వారాలు, తీసుకునేది 12 మందినే. మొదలయ్యే తేదీకి 17 ఏళ్లు నిండాలి, చివర 750 డాలర్ల స్టైపెండ్ ఇస్తారు. బార్ హార్బర్‌లోని జాక్సన్ ల్యాబొరేటరీ ప్రోగ్రాము వీటన్నిటికంటే పాతది. 1955లో హైస్కూలు విద్యార్థిగా డేవిడ్ బాల్టిమోర్ అక్కడికి వెళ్లి హోవర్డ్ టెమిన్‌ను కలిశారు. ఆర్‌ఎన్ఏ నుంచి డీఎన్ఏను తయారుచేసే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైమును విడివిడిగా కనుగొన్న ఆ ఇద్దరికీ 1975లో నోబెల్ వచ్చింది. ఇవాళ ఆర్‌ఎన్ఏ నుంచి పీసీఆర్ చేసే ప్రతి విద్యార్థి ట్యూబులోనూ ఉండేది ఆ ఎంజైమే.

ఇలాంటి చోట ప్రోగ్రాము పేరుకంటే ఏ ల్యాబు, ఏ జీవి అన్నదే వేసవి ఎలా గడుస్తుందో తేలుస్తుంది. ఆరు వారాల్లో మొదటి వారం సేఫ్టీ ట్రైనింగుకు పోతుంది, చివరి వారం పోస్టరుకు. మిగిలేది నాలుగు. అందులో చెయ్యి తిరగడానికి ఒక వారం పోతే డేటాకు మూడు. ఈ కొలమానంతో జీవిని కొలవండి. ఈకోలై 20 నిమిషాలకోసారి రెట్టింపవుతుంది, ఈస్టుకు గంటన్నర. సీ ఎలిగాన్స్ పురుగు గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దశకు మూడు నాలుగు రోజుల్లో వస్తుంది. పండ్ల ఈగకు 25 డిగ్రీల దగ్గర పది రోజులు. జీబ్రాఫిష్ పిండాలు రెండు మూడు రోజుల్లో గుడ్డులోంచి బయటికొస్తాయి. ఎలుకకు గర్భమే సుమారు 20 రోజులు, ఆపైన పిల్లలు పెరగాలి, జీనోటైపింగ్ (ఏ పిల్లకు ఏ జన్యువు వచ్చిందో పరీక్షించడం) చేయాలి. కొత్తగా ఎలుకలను జతకట్టించి మొదలుపెట్టే ప్రాజెక్టు ఆరు వారాల్లో పూర్తికాదు. అరబిడాప్సిస్ మొక్కలోనూ విత్తనం నుంచి విత్తనానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఎలుకల ల్యాబు వద్దని కాదు. అక్కడ ముందే సేకరించి గడ్డకట్టించిన కణజాలం మీద పని ఇస్తే బాగుంటుంది. జతకట్టించడంతో మొదలుపెడితే చివరికి పోస్టరు మీద మెంటర్ పాత డేటా తప్ప ఏమీ ఉండదు.

మనిషి కణాల కల్చర్ (కణాలను ల్యాబులో పెంచడం) గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా ఆశపడేది "క్యాన్సర్ కణాల" ప్రాజెక్టుకే. వాటిని మామూలుగా బయోసేఫ్టీ లెవల్ 2లో, అంటే మామూలు ల్యాబుకంటే ఒక మెట్టు ఎక్కువ జాగ్రత్తలున్న ల్యాబులో పెంచుతారు. 18 నిండనివాళ్లను చాలా సంస్థలు అక్కడికి రానివ్వవు, లేదా పక్కన పెద్దవాళ్లు ఉంటేనే రానిస్తాయి. ప్రాజెక్టు ఒప్పుకున్నాక ఈ సంగతి బయటపడితే విద్యార్థికి మిగిలేది కంప్యూటర్ ముందు ఫొటోల్లో కణాలు లెక్కపెట్టడమే. ఇంకో చిక్కు మైకోప్లాస్మా, కల్చరును కలుషితం చేసే బుల్లి బ్యాక్టీరియా. దానికి కణకవచం లేదు కాబట్టి పెన్సిలిన్ దాన్ని ఏమీ చేయలేదు, మామూలు మైక్రోస్కోపులో కనపడదు, మీడియా (కణాలు పెరిగే ద్రవం) మబ్బుపట్టదు. కణాలు మాత్రం మందకొడిగా పెరిగి ఫలితాలు తారుమారవుతాయి. కల్చరుకు చివరిసారి మైకోప్లాస్మా పరీక్ష ఎప్పుడు చేశారని అడిగితే, క్రమశిక్షణ ఉన్న ల్యాబు తేదీతో సహా చెబుతుంది.

మొదటి వారం నాణ్యతను ఎలా చూడాలంటే, పిపెటింగును తూకంతో పరీక్షిస్తారా లేదా చూడండి. 100 మైక్రోలీటర్ల నీరు 100 మిల్లీగ్రాములు తూగాలి. పదిసార్లు తీసి తూచితే ఎవరి చెయ్యి ఎంత నిలకడో కాగితం మీద కనిపిస్తుంది. కొత్తవాళ్లు చేసే తప్పులు రెండే. ద్రవం పీల్చేటప్పుడు బటన్‌ను రెండో ఆగు దాకా నొక్కేస్తారు, దాంతో ఎక్కువ వస్తుంది. టిప్పును లోతుగా ముంచుతారు, దాని బయట అంటుకున్న చుక్క కూడా ట్యూబులోకి వెళ్తుంది. వంద మైక్రోలీటర్ల దగ్గర ఇది పెద్దగా తెలియదు. ఒక్క మైక్రోలీటరు డీఎన్ఏ వేసే చోట లెక్కంతా పోతుంది.

అందుకే పీసీఆర్ ఎలా నేర్పుతారన్నది మంచి కొలమానం. 25 మైక్రోలీటర్ల రియాక్షనుకు రెండింతల గాఢత ఉన్న మిక్స్ 12.5, పది మైక్రోమోలార్ ప్రైమర్లు (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఒక్కొక్కటి 1.25, టెంప్లేట్ (కాపీ తీయాల్సిన డీఎన్ఏ) 1, నీరు 9. ఎనిమిది ట్యూబులైతే తొమ్మిదికి సరిపడా మాస్టర్ మిక్స్ ఒకేసారి కలిపి పంచాలి, టెంప్లేట్ మాత్రం చివర విడిగా వేయాలి. ట్యూబు ట్యూబుకీ అన్నీ విడివిడిగా వేయిస్తున్నారంటే నేర్పేవాళ్లకు ఓపిక లేదన్నమాట. టెంప్లేట్ లేని ట్యూబు ఒకటి తప్పనిసరి. దాంట్లో బ్యాండ్ (జెల్ మీద డీఎన్ఏ గీత) వస్తే ఏదో ఒకటి కలుషితమైంది. ముందు నీళ్లు మార్చి, తర్వాత ప్రైమర్లు కొత్తగా పలచన చేసి, ఒక్కొక్కటిగా దొంగను పట్టుకోవాలి. ఈ వెతుకులాటకు రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజులు విద్యార్థికి ఇచ్చే మెంటరే కావాలి. "నేను చూసుకుంటాలే" అని ట్యూబు తీసుకునే మెంటర్ ఎంత మంచివారైనా పిల్లలకు నష్టమే.

ట్రాన్స్‌ఫర్మేషన్ (బ్యాక్టీరియాలోకి డీఎన్ఏ ఎక్కించడం) కూడా అంతే. డీఎన్ఏను లోపలికి తీసుకోగలిగే కాంపిటెంట్ కణాలు 50 మైక్రోలీటర్లు, అందులో డీఎన్ఏ వేసి ఐసు మీద 30 నిమిషాలు, 42 డిగ్రీల్లో 30 నుంచి 45 సెకన్లు, మళ్లీ ఐసు మీద రెండు నిమిషాలు, మీడియా పోసి 37 డిగ్రీల్లో గంట, ఆపైన యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేటు. మర్నాడు ప్లేటంతా పొరలా పెరిగిందంటే అగర్ బాగా వేడిగా ఉండగానే యాంపిసిలిన్ కలిపారని అనుమానించాలి. 50, 55 డిగ్రీలకు చల్లారాక కలపాలి. పెద్ద కాలనీల చుట్టూ చిన్నచిన్న చుక్కలు వస్తే ప్లేటును ఇంక్యుబేటర్లో ఎక్కువసేపు ఉంచేశారు. ఆ చుక్కల్లో ప్లాస్మిడ్ (మనం ఎక్కించిన గుండ్రటి డీఎన్ఏ) ఉండదు, వాటిని ఎత్తుకోకూడదు. డీఎన్ఏ వేయని ప్లేటు పక్కన లేకపోతే 300 కాలనీలు వచ్చినా సంబరపడటానికి లేదు.

ప్రోగ్రాము పాత పోస్టర్లు దొరికితే తప్పకుండా చదవండి. గ్రాఫు కింద ప్రయోగాల లెక్క మూడు (n = 3) అని రాసి ఉంటే, ఒకే ఫ్లాస్కు నుంచి ఒకే రోజు నింపిన ప్లేటులోని మూడు గుంటలా, మూడు వేర్వేరు రోజుల్లో చేసిన ప్రయోగాలా అన్నది చూడాలి. మొదటిది చెయ్యి ఎంత నిలకడో చెబుతుంది, అంతే. రెండోది కనిపిస్తే పిల్లలకు ల్యాబులో నిజంగా సమయం ఇచ్చారన్నమాట.

సైన్స్ ఫెయిర్‌కు పంపాలనుకుంటే కాగితాల పని ప్రయోగానికి ముందే మొదలవ్వాలి. ఐసెఫ్ (హైస్కూలు పిల్లల అంతర్జాతీయ సైన్స్ ఫెయిర్) నిబంధనల ప్రకారం వెన్నెముక ఉన్న జంతువులు, ప్రమాదకరమైన జీవకారకాల మీద చేసే ప్రాజెక్టులకు ముందస్తు ఆమోదం ఉండాలి. బ్యాక్టీరియాను ఇంట్లో పెంచకూడదు. రీసెర్చ్ సంస్థలో చేసిన పనికి 1సీ ఫారాన్ని ప్రయోగం అయ్యాక అక్కడ పర్యవేక్షించిన పెద్దవారే నింపాలి, అందులో విద్యార్థి స్వయంగా చేసిందేమిటో ఉంటుంది. ఆగస్టు అయ్యాక ఆ సంతకం కోసం తిరగడం కష్టం, వెళ్లేలోపే చేయించుకోవాలి.

డబ్బు కడితే ఆన్‌లైన్లో మెంటర్‌ను ఇచ్చి పేపరు అచ్చువేయిస్తామనే సేవలను మేము సిఫారసు చేయం. బహిరంగ డేటాతో బయోఇన్ఫర్మాటిక్స్ (జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించడం) నేర్పితే అది వేరే, అందులో నిజమైన పని ఉంది. పేపరు గ్యారంటీ అని ముందే చెప్పేచోట ప్రయోగం విఫలమయ్యే అవకాశమే లేదు, కాబట్టి అక్కడ ప్రయోగం లేదు.

దరఖాస్తుల గడువులు ఎక్కువగా డిసెంబరు, మార్చి మధ్య ముగుస్తాయి. సిఫారసు లేఖ కోసం టీచర్‌ను కనీసం నెల ముందు అడగాలి. వ్యాసంలో "చిన్నప్పటి నుంచి సైన్సంటే ఇష్టం" అన్న వాక్యం తీసేసి, ఒక ప్రయోగం ఎందుకు చెడిపోయిందో, కారణం ఎలా కనుక్కున్నారో రాస్తే చదివేవాళ్లు ఆగి చదువుతారు.

వెళ్లేముందు చివరి రెండు రోజులు ప్రయోగాలు ఆపేయాలి. నోటుబుక్ ల్యాబుదే, కాపీ తీసుకోవడానికి అనుమతి అడగాలి. జెల్ ఫొటోల అసలు ఫైళ్లు, ప్రైమర్ల పేర్లు, ఏ పెట్టెలో ఏ ట్యూబు ఉందన్న పట్టిక మెంటర్‌కు ఇవ్వాలి. ట్యూబు మీద మార్కర్‌తో రాసింది ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది, ఫ్రీజరుకు తట్టుకునే లేబుల్ అంటించి తేదీ, పొట్టి పేరు రాయాలి. "శాంపిల్ 1" అని మాత్రం రాయకండి, ఆ ఫ్రీజరులో ఆ పేరుతో ఇంకో ఇరవై ఉంటాయి.