తిరుపతి దాకా పోయి జూ చూసొచ్చాం

నెల్లూరులో జూ లేదు. పిల్లలకు పులిని చూపించాలంటే మనకు అందుబాటులో ఉన్నవి రెండే: చెన్నై అవతల వండలూరు, లేదంటే తిరుపతి. వండలూరు పోతే చెన్నై ట్రాఫిక్‌కే సగం ఓపిక అయిపోతుంది. అందుకని హైదరాబాద్ నుంచి మా అక్క (పెద్దమ్మ కూతురు) ఆరేళ్ల కొడుకుని తీసుకుని వచ్చినప్పుడు తిరుపతికే పోదామనుకున్నాం.

పెద్దమ్మ ఒప్పుకోలేదు. "తిరుపతి దాకా పోయి, స్వామిని చూడకుండా పులిని చూసొస్తారంట్రా? ఎవరికన్నా చెప్తే నవ్వుతారు అబ్బయ్యా" అంది. దర్శనం టికెట్లు లేకుండా, సెలవుల్లో, పిల్లల్ని వేసుకుని కొండెక్కితే ఇక ఆ రోజు జూ మాటే ఉండదు. చివరికి దారిలో ఉన్న కాళహస్తితో రాజీ కుదిరింది. అదీ తిరుగు ప్రయాణంలో. కాళహస్తిలో దర్శనం అయ్యాక ఇంకెక్కడికీ పోకుండా నేరుగా ఇల్లు చేరాలని మన వైపు పట్టింపు కదా.

రోజు ఎంచుకునేటప్పుడు ఒక్క సంగతి. తిరుపతి జూకి మంగళవారం సెలవు. హైదరాబాద్ జూకి సోమవారం. ఆ లెక్కలో ఉన్నవాళ్లు తికమకపడతారు.

దూరం దాదాపు 130 కిలోమీటర్లు. నాయుడుపేట దాకా చెన్నై హైవే, అక్కడ కుడివైపు తిరిగితే కాళహస్తి, రేణిగుంట మీదుగా తిరుపతి. రోడ్డుకి వంక పెట్టేదేమీ లేదు. వంకంతా మేం మాట్లాడుకున్న కారుకే. ఏసీ గూడూరు దాటకముందే నీరసపడింది. ఫోన్‌లో కిలోమీటరుకి ఇంత అని చెప్పిన ట్రావెల్స్ వాళ్లు, టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా అన్నీ చివర్లో కలిపారు. ముందే అన్నీ కలిపి ఎంతో అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. డ్రైవర్ మాత్రం బంగారం లాంటి మనిషి, పెద్దమ్మ కోసం అడిగిన చోటల్లా ఆపాడు. పెద్దవాళ్లు లేకపోతే నేనైతే రైలుకే ఓటేస్తా. గూడూరు నుంచి రేణిగుంట లైన్ వెంకటగిరి, కాళహస్తి మీదుగానే పోతుంది.

నాయుడుపేట దాటాక ఒక హోటల్లో టిఫిన్ చేశాం. ఇడ్లీ బాగుంది, పల్లీ చట్నీ ఇంకా బాగుంది. బాత్రూమ్ తలుపు తీసిన ఆడవాళ్లు అంతే వేగంగా మూసేసి వచ్చారు.

శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల 1987లో మొదలైంది. శేషాచలం కొండల కిందే ఉంటుంది కాబట్టి ఎటు చూసినా వెనక కొండ కనిపిస్తుంది. విస్తీర్ణంలో హైదరాబాద్ జూ కంటే చాలా పెద్దది. అంటే ఒక ఎన్‌క్లోజర్‌కీ ఇంకోదానికీ మధ్య నడక కూడా ఎక్కువే. మేం బ్యాటరీ బండి ఎక్కాం. మోకాళ్ల నొప్పులున్న వాళ్లు ఉంటే ఇంకో ఆలోచన పెట్టుకోవద్దు. పొద్దున్నే చేరుకోవడం అన్నిటికంటే ముఖ్యం. చల్లగా ఉన్నంతసేపూ తెల్లపులి అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. పదకొండు దాటాక చూసిన జంతువుల్లో ఎక్కువ భాగం నీడలో వీపు తిప్పి పడుకున్నవే.

మా మేనల్లుడు గేటు దగ్గర్నుంచే హైదరాబాద్ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. "మా జూలో రైలుంది, ఇక్కడ లేదా?" ఎలుగుబంటి దగ్గరకొచ్చాక రైలు సంగతి మర్చిపోయాడు. పెద్దమ్మది ఇంకో దారి. పులి దగ్గర అమ్మవారి పేరు చెప్పి దండం పెట్టింది, నెమలి దగ్గర సుబ్రహ్మణ్యస్వామికి పెట్టింది, ఎలుగుబంటి దగ్గర పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి జాంబవంతుడి కథ అందుకుంది. పురాణాల్లో వచ్చే జంతువులన్న ఆలోచన మీదే ఈ జూని తీర్చిదిద్దారని తర్వాత చెప్తే, "మరి నాకు ముందే చెప్పొద్దా" అంది.

సింహాల దగ్గర నాకు మనసు కొంచెం బరువెక్కింది. 2024 ఫిబ్రవరిలో ఒకతను ఇక్కడే సింహం ఉన్న చోటికి దూకి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత కూడా కంచె ఎక్కి సెల్ఫీ దిగాలని చూసే కుర్రాళ్లు కనిపిస్తే ఏమనాలో తెలియదు. గార్డు విజిల్ వేస్తే నవ్వుతున్నారు.

బయటికొచ్చి చెట్టు కింద పులిహోర, దద్దోజనం తిన్నాం. కాళహస్తిలో రాహుకేతు పూజల రద్దీ ఉన్నా దర్శనం అనుకున్నంత ఆలస్యం కాలేదు. సాలీడు, పాము, ఏనుగు శివుణ్ణి కొలిచిన కథ పెద్దమ్మ చెప్తుంటే, "అయితే సాలీడు ఒక్కటే జూలో లేదు" అని మా పాప తేల్చింది.

అయిదారేళ్ల పిల్లలుంటే ఈ ట్రిప్‌కి పెట్టిన డబ్బు దండగ కాదు. వాళ్లకి పెద్ద జంతువు కళ్లెదుట కదలాలి. పదేళ్లు దాటిన పిల్లలకీ, పెద్దలకీ అయితే నా ఓటు నేలపట్టు పక్షుల కేంద్రానికి. 2022లో అది ఉన్న మండలం తిరుపతి జిల్లాలోకి పోయినా మాకింకా అది నెల్లూరు జిల్లానే. అక్టోబరు నుంచి మార్చి దాకా చెరువులోని చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతాయి. బైనాక్యులర్ ఉంటే తీసుకుపోండి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు పులికాట్ సరస్సు మధ్యలోంచే పోతుంది, ఫ్లెమింగోలు కారు కిటికీలోంచే కనిపిస్తాయి. ఎవరూ ఎక్కువ నడవక్కర్లేదు. అక్క సంక్రాంతికి మళ్లీ వస్తానంది, అప్పుడు అటే. దారిలో గుడి ఏదని పెద్దమ్మ ఇప్పుడే అడుగుతోంది. సూళ్లూరుపేటలో చెంగాళమ్మ ఉందిలే అన్నాం.