జివెర్నీకా, ఓవెర్ సుర్ వాజ్‌కా?

ఎండలు మొదలయ్యాయంటే ప్యారిస్‌లో చదువుకుంటున్న మన పిల్లలు అడిగేది ఇదే: "అక్కా, ఆదివారం అయిదారుగురం కలిసి ఏదైనా పల్లెకి పోయి సాయంత్రానికి తిరిగి రావాలి. జివెర్నీకి పోదామా, ఓవెర్‌కా?"

రెండూ చిత్రకారుల ఊళ్లే. జివెర్నీలో మోనే 1883 నుంచి 1926లో కన్నుమూసేదాకా ఉన్నాడు. ఓవెర్‌లో వాన్ గో 1890లో తన చివరి డెబ్బై రోజులు గడిపాడు.

మోనే తోట అందానికి నేను వంక పెట్టను. మేలో ఐరిస్ పూల వరసలు చూసి తీరాలి. కానీ స్నేహితులతో వెళ్లేది తీరిగ్గా కబుర్లు చెప్పుకోవడానికి. నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యం అదే. వెర్నోన్‌లో రైలు దిగి బస్సు పట్టుకోవాలి, తోటకి టికెట్టు కొనాలి. లోపల వారాంతపు జనంలో, ఆ సన్నటి బాటల్లో ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. పక్కపక్కన నడవలేకపోతే మాటలేం సాగుతాయి? పైగా అది నార్మండీ ప్రాంతం, ప్యారిస్ చుట్టుపక్కల రైళ్లకీ బస్సులకీ వాడే నవిగో పాసు అక్కడ చెల్లదు.

ఓవెర్‌కి పాసు చాలు. మామూలుగా పొంత్వాజ్‌లోనో ఇంకోచోటో రైలు మారాలి, ఆ చిరాకు ఉంది. స్టేషన్ నుంచి కాస్త ఎత్తు ఎక్కితే చర్చి. దాని వెనక వైపు నిలబడండి, వాన్ గో గీసింది అటునుంచే. ఇంకా పైకి వెళితే గోధుమ చేలు. వాటికి గేటు లేదు, టికెట్టు లేదు. పోయిన జూన్‌లో మేం అయిదుగురం చేను గట్టున కూర్చుని డబ్బాలో తెచ్చిన పులిహోర, దారిలో కొన్న బగెత్ రొట్టె, మేక జున్ను, చెర్రీలు పంచుకున్నాం. రెండు గంటలపాటు ఎవరూ ఫోన్ తీయలేదు. పక్కనే శ్మశానంలో అన్నదమ్ములు విన్సెంట్ వాన్ గో, తియోల సమాధులు, రెంటినీ కప్పేసిన ఒకే ఐవీ తీగ. అక్కడ మాత్రం మా మాటలు వాటంతటవే ఆగిపోయాయి.

హోటల్లో భోంచేద్దామనుకుంటే రెండు కాకముందే వెళ్లండి. ఆ తర్వాత వంటగది మూసేస్తారు.

ఈ రెండూ కాక ప్రొవాఁ అనే ఊరుంది, అక్కడి కోటగోడలూ బాగుంటాయి, పాసూ చెల్లుతుంది. కాకపోతే గంటన్నర దాకా రైల్లోనే.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మాత్రం జివెర్నీకే తీసుకెళ్లండి, ఎత్తు ఎక్కే పని ఉండదు. తోట తెరిచేది ఏప్రిల్ 1 నుంచి నవంబర్ 1 దాకానే.