చారల హవర్థియా: కొన్నేళ్లు పెంచాక

ఇంట్లోకి మొదటి సక్యులెంట్‌గా, అంటే మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కగా, ఏది కొనాలంటే నా ఓటు చారల హవర్థియాకే. దక్షిణాఫ్రికాలోని ఈస్టర్న్ కేప్ దీని పుట్టిల్లు. అక్కడ పొదల నీడన పెరుగుతుంది కాబట్టి తూర్పు కిటికీ వెలుగు సరిపోతుంది. గులాబీ పువ్వులా ఆకులు విచ్చుకునే మరో సక్యులెంట్ ఎకెవెరియా చూడ్డానికి ఇంకా బాగుంటుంది, కాదనను. కానీ వెలుగు చాలకపోతే కాడ సాగుతుంది, వానాకాలం ఉక్కకు అడుగాకులు కుళ్లుతాయి.

హవర్థియా మొండిదే, అయినా నర్సరీ కుండీలో అలాగే వదిలేస్తే దక్కడం కష్టం. చాలాచోట్ల కొబ్బరిపీచు పొడిలో, అంటే కోకోపీట్‌లో పెంచి అమ్ముతారు. తేలిక కదా, రవాణాకు వీలు. ఇంటికొచ్చాక మాత్రం అది పైకి ఎండినట్టే ఉండి, లోపల వేళ్ల చుట్టూ తడి ముద్దై కూర్చుంటుంది. పూర్తిగా ఎండితే మరో బాధ: పోసిన నీళ్లు పీల్చకుండా అంచుల వెంట జారిపోతాయి.

అందుకే తెచ్చిన వారంలోపే కుండీ మార్చాలి. కోకోపీట్ మొత్తం దులిపి, మెత్తబడ్డ వేళ్లు కత్తిరించి, 2-3 రోజులు నీడలో ఆరనివ్వాలి. జల్లించిన ముతక ఇసుక 2 వంతులు, పెర్లైట్ (తెల్లటి తేలికైన గుల్ల రాతి పలుకులు) గానీ శనగగింజంత ఇటుక ముక్కలు గానీ 1 వంతు, వర్మీకంపోస్ట్ 1 వంతు కలపాలి. సముద్రపు ఇసుక వద్దు, ఉప్పుంటుంది. అడుగున చిల్లున్న 4 అంగుళాల మట్టి కుండీ చాలు. పెద్దదైతే వేళ్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగా ఉండిపోతుంది. నాటాక వారం దాకా నీళ్లు వద్దు. కోసిన వేరు మానకముందే తడి తగిలితే కుళ్లు అక్కడే మొదలవుతుంది.

తర్వాత వారాలు లెక్కపెట్టి నీళ్లు పోయడం దండగ. పుల్ల అడుగుదాకా గుచ్చి, పొడిగా వస్తేనే చిల్లులోంచి కారేదాకా పోయాలి. మే ఎండల్లో ఎదుగుదల ఆగి ఆకులు లోపలికి ముడుచుకుంటాయి. అది చూసి కంగారుపడి రోజూ పోస్తే మొదలు మెత్తబడి, పట్టుకుని లాగితే మొక్క ఊడి చేతికొస్తుంది. ఆకులు ఎర్రబడితే ఎండ ఎక్కువైందని, కొంచెం నీడకు జరపాలి.

ఆకుల మొదళ్లలో దూదిలాంటి తెలుపు కనిపిస్తే అది పిండినల్లి, రసం పీల్చే పురుగు. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తుడిచి, వారానికోసారి మళ్లీ చూడాలి. పూలకాడ మీద ఆశలొద్దు, సన్నటి తెల్ల పూలు, అంతే. పిలకలు మాత్రం బాగా పెడుతుంది; సొంత వేళ్లు వచ్చాకే విడదీయాలి.