హనుమకొండలో షట్టర్ మోటారు మరమ్మతు: ఒక మెకానిక్ పనితీరు

నయీంనగర్‌లోని మా ఇంట్లో కారు పెట్టుకునే చోటికి మోటారుతో నడిచే రోలింగ్ షట్టర్ పెట్టించుకుని 6 ఏళ్లయింది. ఈ వేసవిలో దాని చప్పుడు ఎంత పెరిగిందంటే, తెల్లవారుజామున అబ్బాయిని కాజీపేట స్టేషన్‌లో దింపడానికి షట్టర్ ఎత్తితే పక్కింటివాళ్లు నిద్రలేచి బయటికి వచ్చారు. సగం ఎత్తు దాటగానే ఇనుమును ఇనుముతో గీరినట్టు కీచుమనేది. పైకి చేరాక దభీమని మోత వచ్చి, ఆ తర్వాత గానీ మోటారు ఆగేది కాదు.

మొదట దాన్ని అమర్చినవారికే ఫోన్ చేశాను. వచ్చిన మనిషి రెండుసార్లు బటన్ నొక్కి చూసి, మోటారు పోయిందని, కొత్తదానికి 14,000 రూపాయలవుతుందని చెప్పి వెళ్లిపోయాడు. మూత కూడా విప్పకుండా చెప్పిన ఆ మాట మీద నమ్మకం కుదరక, షట్టర్లు తయారుచేసే ఒక చిన్న షెడ్డు నుంచి మరొక మెకానిక్‌ను పిలిపించాను. ఈ సమీక్ష ఆయన పని గురించే.

ఆయన చేసిన మొదటి పని నాకు అన్నిటికన్నా నచ్చింది. మెయిన్ ఆపేసి, కరెంటు లేనప్పుడు ఎత్తుకోవడానికి మోటారు పక్కన వేలాడే చేతి గొలుసును మెల్లగా లాగుతూ చెవి ఒగ్గి విన్నాడు. మోటారు తిరగకపోయినా సరిగ్గా అదే ఎత్తులో అదే కీచు వినిపించింది. "మోటార్ల ఏం లేదు సార్, గైడే పట్టేస్తున్నది" అన్నాడు. రెండు పక్కలా షట్టర్ పట్టీలు జారే గైడ్ చానల్‌లోకి వేలు పెట్టి తీస్తే నల్లటి ముద్ద అంటుకుని వచ్చింది. మేమే ఏటా పూసిన గ్రీజు దుమ్మును పట్టి ఉంచి గట్టిపడిందట. దానికి తోడు 2023 జూలై వరదలో మా వీధిలోకి వచ్చిన నీళ్లు రెండు రోజులు నిలవడంతో చానల్ అడుగుభాగం తుప్పు పట్టి పొరలు లేచింది. ఆయన కిరోసిన్ గుడ్డతో, తీగ బ్రష్‌తో గంటకు పైగా ఓపికగా శుభ్రం చేసి, వంగిన ఒక పట్టీ అంచును చెక్క ముక్క ఆనించి సరిచేసి, ఆరిపోయే సిలికాన్ స్ప్రే కొట్టాడు. గైడ్‌లో ఇక గ్రీజు పూయవద్దని, నూనె పెట్టాల్సింది మోటారు నుంచి ఇరుసుకు వెళ్లే గొలుసుకేనని చెప్పాడు.

పైన వచ్చే మోతకు కారణం లిమిట్ స్విచ్. షట్టర్ ఎక్కడ ఆగాలో మోటారుకు చెప్పేది అదే. దాని బిగింపు వదులై ఆగాల్సిన చోటు పైకి జరిగిపోవడంతో, అడుగు పట్టీ వెళ్లి పై పెట్టెకు గుద్దుకునేది. ఇంకొన్నాళ్లు అలాగే వదిలేస్తే పట్టీలు వంకరపోవడమే కాక, నిజంగానే మోటారు కాలిపోయేదని నాకు అర్థమైంది. షట్టర్ రిమోట్ కూడా దూరం నుంచి పనిచేసేది కాదు, దానికి కారణం బ్యాటరీయే.

మొత్తం 1,800 రూపాయలు తీసుకున్నాడు. లోపాలూ చెప్పాలి. ఉదయం 10 గంటలకు వస్తానని మధ్యాహ్నం 3కు వచ్చాడు, అడిగితే గానీ బిల్లు రాయలేదు. అంతకన్నా ముఖ్యంగా, మా షట్టర్ కింద ఎవరైనా నిలబడితే దానంతటది ఆగే సెన్సర్ లేదని గమనించి కూడా ఆయనంతట ఆయన చెప్పలేదు. చిన్నపిల్లలు తిరిగే ఇంట్లో ఇది మొదట చెప్పవలసిన మాట. నేను అడిగాక, వచ్చేవారం తెచ్చి బిగించాడు.

ఇది జరిగి రెండు నెలలైంది, ఈలోగా వానలూ పడ్డాయి. చానల్‌ను వారానికోసారి పొడి గుడ్డతో తుడుస్తున్నాము. షట్టర్ ఇప్పుడు పై పెట్టెకు నాలుగు వేళ్ల దూరంలోనే చప్పుడు లేకుండా ఆగుతోంది.