నాలుగు రాత్రులు, నాలుగు హోటళ్లు

శ్రీలంక ట్రిప్ మా వీధి చివర ఏజెంటుతో ప్లాన్ చేయించాం. కొలంబో, హిక్కడువ, గాలె, మిరిస్సా... రాత్రికో హోటల్! పెట్టెలు విప్పడం, సర్దడంతోనే సరిపోయింది. మా అత్తయ్య తడి తువ్వాలు చివరికి వ్యాన్ కిటికీకి కట్టి ఆరబెట్టారు.

పైగా జూలైలో తిమింగలాల బోటు పెట్టాడు. మిరిస్సాలో వాటి సీజన్ నవంబరు నుంచి ఏప్రిల్ దాకానట. సముద్రం అల్లకల్లోలం, బోటు కదల్లేదు. డబ్బు సగమే తిరిగిచ్చాడు.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి హిక్కడువకి రైలు మాత్రం అద్భుతం. కుడివైపు కూర్చోండి, పట్టాల పక్కనే సముద్రం.

గాలె నుంచి హిక్కడువ 20 కిలోమీటర్లలోపే, మిరిస్సా 35 దాకా. గాలెలోనే మూడు రాత్రులుండి రెండూ చూసి రావచ్చు. ఈ ఏజెంటుకి రెండు స్టార్లు, రెండూ ఆ రైలుకే.