తెల్ల డెక్కలదా, సిగ్నలా? ఇంగ్లండ్ వాగుల్లో ఏ క్రేఫిష్ మేలు?

వేసవి వస్తే చాలు, యార్క్‌షైర్‌లో కొత్తగా స్థిరపడిన తెలుగువాళ్ల నుంచి నాకు ఫోటోలు మొదలవుతాయి. వాగులో రాయి పక్కన, రొయ్యకూ పీతకూ పుట్టినట్టున్న ఒక జీవి, అదే క్రేఫిష్. కింద ఒకటే ప్రశ్న: "ఇది వండుకోవచ్చా?" కిందటి ఏడాది ఒక మిత్రుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. "అమెరికాది పెద్దది, కండ ఎక్కువ. వాగులో రెండూ చేసే పని ఒకటే. ఇక్కడి చిన్నదాన్ని కాపాడాలని ఇంత గొడవ ఎందుకండీ?" అని అడిగాడు. అడగదగ్గ ప్రశ్నే.

పోల్చి చూద్దాం. బ్రిటన్‌కు సొంతమైనది తెల్ల డెక్కల క్రేఫిష్ ఒక్కటే. 10 సెంటీమీటర్లు దాటడం అరుదు. ఎదగడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, గుడ్లు సాధారణంగా నూరు లోపే. మిత్రుడు చెప్పిన అమెరికాది సిగ్నల్ క్రేఫిష్. అది 15 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, త్వరగా ఈడుకొస్తుంది, 200 నుంచి 400 గుడ్లు తోక కింద మోస్తుంది. దీన్ని గుర్తుపట్టడం సులువు: డెక్క మడత దగ్గర సున్నం, నీలం కలిపి వేలితో అద్దినట్టు ఒక మచ్చ ఉంటుంది. డెక్క అడుగు ఎరుపు. జడిస్తే రెండు డెక్కలూ పైకెత్తి నిలబడుతుంది. మన దేశీయది మాత్రం ముడుచుకుని రాయి కిందికి జారుకుంటుంది. (బ్రిటన్‌లో ఉంటూ "మన" అంటున్నానేమిటి అనకండి, ఇన్నేళ్లలో అలవాటైపోయింది.)

గట్ల సంగతికి వస్తే సిగ్నల్ మీద ఫిర్యాదులు నిజమే. బొరియలు తవ్వుతుంది, గట్టు కూలుతుంది, నీళ్లు బురదవుతాయి. చేప గుడ్లనూ వదలదు. అయినా నా దృష్టిలో ఇవేవీ తేల్చే విషయాలు కావు. తేల్చేది క్రేఫిష్ ప్లేగు.

ఇది ఒక నీటి బూజు. ఉత్తర అమెరికాలో పుట్టింది. 1860 ప్రాంతంలో ఇటలీలో బయటపడి, యూరప్ నదులను ఒక్కొక్కటిగా ఖాళీ చేసుకుంటూ పోయింది. స్వీడన్‌లో సొంత క్రేఫిష్ తుడిచిపెట్టుకుపోవడంతో, రోగానికి చావనిది కావాలని 1960లలో అమెరికా నుంచి సిగ్నల్‌ను తెప్పించుకున్నారు. చావదు సరే, రోగాన్ని ఒంట్లో పెట్టుకుని తిరుగుతుంది. బూజు పోగు పెంకులో దిగగానే సిగ్నల్ శరీరం దాని చుట్టూ నల్లటి పొర కట్టి అక్కడే బంధిస్తుంది. తెల్ల డెక్కలదానికి అంత వేగం లేదు. రాత్రి తప్ప బయటికి రాని జీవి పట్టపగలు వాగు మధ్యలో తూలుతూ కనిపించిందంటే పని అయిపోయినట్టే. కొన్ని వారాల్లో ఆ వాగులో ఒక్కటీ మిగలదు. ఎగుమతికి పెంచుకుందామని ఇంగ్లండ్ 1970లలో సిగ్నల్‌ను తెచ్చుకుంది. 1980ల మొదట్లోనే ప్లేగు దిగింది.

ప్లేగు లేని సిగ్నల్ గుంపులూ కొన్ని ఉన్నాయి. అలాంటి చోట దేశీయది ఏళ్ల తరబడి పక్కపక్కనే బతికింది. చివరికి ఓడిపోతుంది, కానీ నెమ్మదిగా. ఈలోగా కొన్నింటిని పట్టి పాత క్వారీ గుంటల్లాంటి, నదులతో సంబంధం లేని నీళ్లలోకి చేర్చవచ్చు, చేరుస్తున్నారు కూడా. ప్లేగు ఆ వ్యవధి ఇవ్వదు. ఐర్లండ్ సంగతి చూడండి. 2015లో అక్కడ ప్లేగు బయటపడేనాటికి నదుల్లో అమెరికా క్రేఫిష్ జాడే లేదు. తడి బూట్లో, వలలో, పడవలో ఏవో ఆ బూజును మోసుకొచ్చి ఉండాలి.

భీమవరం రొయ్యల రైతుకు ఈ సంగతి చెప్పనక్కర్లేదు. తెల్లమచ్చ వైరస్ దెబ్బ తిన్నవాడు చెరువు చుట్టూ పీతల కంచె వేస్తాడు, పైన పక్షుల వల కడతాడు. నదికి కంచె ఎక్కడ వేస్తాం?

"అయితే సిగ్నల్‌ను పట్టి తినేస్తే పుణ్యమే కదా" అంటారు. రుచికి వంక పెట్టను. కానీ యార్క్‌షైర్‌లోనే ఒక చిన్న వాగులో కొంత మేర అడ్డుకట్టలు వేసి, నీళ్లు తోడి, ఒక్కొక్కటీ ఏరి లెక్కపెట్టారు. చదరపు మీటరుకు 100 దాటిన చోట్లున్నాయి. అందులో మామూలు బోనుకు చిక్కేంత పెద్దవి నూటికి రెండో మూడో. పెద్దవి చిన్నవాటిని తింటాయి కూడా, వాటిని తీసేస్తే పిల్లలకు పండగే. పైగా ఇంగ్లండ్‌లో బోను పెట్టడానికి అనుమతి కావాలి, పట్టిన సిగ్నల్‌ను తిరిగి నీళ్లలో వదలడం నేరం. తెల్ల డెక్కలదాన్నయితే లైసెన్సు లేకుండా పట్టనే కూడదు.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. సన్నని పొడుగు డెక్కల టర్కీ క్రేఫిష్ కూడా ప్లేగుకు బలయ్యేదే. అమెరికాదే అయిన లూసియానా ఎర్ర క్రేఫిష్ మాత్రం సిగ్నల్‌లాగే రోగాన్ని మోసుకు తిరుగుతుంది.

నా ఓటు ఎటో అర్థమయ్యే ఉంటుంది. మిత్రుడికి ఇచ్చిన జవాబు ఇంకా చిన్నది: తినాలనిపిస్తే కొనుక్కోండి. ఒక వాగులో దిగిన బూట్లతో అదే వారం ఇంకో వాగులో దిగకండి. కడిగి ఎండలో పెట్టండి. ఇక్కడి ఎండను నమ్మలేం కనుక హీటర్ పక్కన పెట్టండి. లేసులు తీసి, బూటు నాలుక కింద వేలు పెట్టి చూడండి, చెమ్మ తగిలితే ఇంకా ఆరనట్టే.