బాహుబలి: ది ఎపిక్ – అంతా బాగుంది, మా అవంతిక తప్ప

విడుదలైన వారాంతంలోనే మా పిన్ని కూతుర్ని వెంటబెట్టుకుని మ్యాట్నీకి వెళ్లాను. 2015లో ఒకటి, 2017లో ఒకటి వచ్చిన రెండు భాగాల్నీ కుదించి, 3 గంటల 44 నిమిషాల ఒకే సినిమాగా 2025 అక్టోబరు 31న వదిలారు. ఏటి నీళ్లలోంచి రాజమాత శివగామి చెయ్యి ఒక్కటే లేచి పసివాణ్ణి పట్టుకున్నప్పుడు, పదేళ్ల తర్వాత కూడా నా ఒళ్లు గగుర్పొడిచింది. అంతసేపూ ఎక్కడా విసుగనిపించలేదు. అది చిన్న విషయం కాదు.

కానీ నేను వెళ్లింది తిరుగుబాటు దళంలో పోరాడే అవంతిక (తమన్నా), ఆమెను ప్రేమించే శివుడు (ప్రభాస్) జంట కోసం. వాళ్ల ప్రేమకథను దాదాపు మొత్తం తీసేశారు. ‘పచ్చబొట్టేసిన’ పాట లేదు. కథను నడిపే సన్నివేశాలకే చోటిచ్చామని రాజమౌళి ముందే చెప్పారు, అయినా చూస్తుంటే మనసు చివుక్కుమంది.

మొదటి భాగం వచ్చినప్పుడు మేం హాస్టల్లో ఉన్నాం. అవంతిక నిద్రలో ఉండగా ఆమె చేతిమీద శివుడు బొమ్మ వేయడం మాకు నచ్చింది. తర్వాత ఆమెను బలవంతంగా సింగారించే సన్నివేశం మాత్రం అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. మమ్మల్ని పట్టుకున్నది మరొకటి. మాహిష్మతిలో బందీగా ఉన్న దేవసేనను విడిపించే పని అవంతికకు అప్పగిస్తే, దాన్ని శివుడు తన భుజాన వేసుకుని మాహిష్మతికి వెళ్లిపోతాడు. మరి వెనక ఉండిపోయిన అవంతిక ఏం చేసింది? రెండేళ్లపాటు ఐదుగురం దానిమీదే నోటుపుస్తకాల్లో కథలు రాసుకున్నాం. సినిమా చూపించనిదంతా మాదే అనిపించేది.

2017లో రెండో భాగం చూసి బయటికొచ్చాక మాలో నలుగురు శివుడి తల్లిదండ్రులైన దేవసేన, అమరేంద్రుల జంట వైపు వెళ్లిపోయారు. అవంతిక చివరి యుద్ధంలో అలా కనబడి వెళ్లిపోయింది, ఇక రాసుకోవడానికి ఏముందన్నారు. వాళ్లను తప్పుపట్టలేను. దేవసేనకు నిమిషాలు ఎక్కువ దొరికాయన్నది నిజమే. అయితే ఆ నిమిషాల్లో ఏం జరిగిందో చూడండి: శివగామి పంపిన కానుకల్ని తిప్పి పంపింది, ఒకేసారి మూడు బాణాలు వేయడం అమరేంద్రుడి దగ్గర నేర్చుకుంది, అతని భుజాల మీదుగా నడిచి పడవెక్కింది, నిండుసభలో ఎదురు నిలబడి మాట్లాడింది. ప్రతిచోటా నిర్ణయం ఆమెది, ఆమె పక్కన నిలబడటం అతనిది. అవంతికకు అలాంటి సన్నివేశం ఒక్కటున్నా నేను ఒంటరినయ్యేదాన్ని కాదు. తెరమీద తక్కువ సేపు కనిపించినంత మాత్రాన జంట మీద అభిమానం చచ్చిపోదు. ఆ కొద్దిసేపట్లో తెగని ప్రశ్న ఒకటి మిగలాలి. మొదటి భాగం దాన్ని మిగిల్చింది. ఈ కొత్త కూర్పులో ఆ ప్రశ్నే పుట్టదు.

సినిమా అయ్యాక మా పిన్ని కూతుర్ని, “అవంతిక ఎలా ఉంది?” అని అడిగాను. “ఎవరక్కా?” అంది. దేవసేన బాణాల గురించి మాత్రం ఆటోలో ఇంటిదాకా చెబుతూనే ఉంది.

దేవసేన కోసమైతే పెద్ద తెర మీదే చూడండి, ‘హంస నావ’ పాటలో పడవ రెక్కలు విప్పే చోటుకే డబ్బులు గిట్టుబాటవుతాయి. మీకు అవంతిక ఇష్టమైతే మాత్రం ముందు రోజు రాత్రి ఇంట్లో 2015 సినిమా చూసి వెళ్లండి. నేను ఆ పని చేయలేదు, ఇంటికొచ్చాక పెట్టుకున్నాను.